వెనకవైపు

పల్లావరం శుక్రవారం సంతలో
చెడిపోయిన రేడియోలకీ మూతల్లేని కుక్కర్లకీ నడుమ
ఒక అట్టపెట్టెలో దొరికింది ఈ పోస్టుకార్డు.
మూడొందలన్నాడు. నూటయాభై అన్నాను.
నూట ఎనభైకి తెగింది.

కార్డులో కంచె.
కంచె వెనక, బిడ్డని ఒళ్ళో వేసుకుని
ఒక నల్లని ఆడమనిషి.
ఇవతల టోపీలు, గొడుగులు,
కమ్మీల సందున వేరుశనక్కాయ పట్టుకుని
చెయ్యి చాపిన దొరబాబు.
కుడి అంచున, సగం తెగిపోయి,
ఒక వెదురు గడ.

ఆ గడ కోసం కొన్నాను.

మా జేజి వాళ్ళమ్మ సుంకులమ్మ
దొమ్మరి గడ ఎక్కేది.
మద్రాసు హార్బరులో ఓడెక్కించిన దొర
ముగ్గురికి కూలి మాట్లాడి ఇద్దరికే ఇచ్చాడట.
ఏ దేశం పోయిందో ఆమెకి తెలీదు.
"పళ్ళు కూడా చలికి నొచ్చే ఊరు" అనేదట, అంతే.

"నేను గడెక్కితే చప్పట్లు కొట్టేవోళ్ళు.
పక్క కంచెలో ఆమె ఊరికే కూచున్నా కొట్టేవోళ్ళు.
పాలిచ్చినా, తుమ్మినా, తల దువ్వుకున్నా
అదే ఆట.
గడ దిగితే నా ఆట అయిపోయేది.
ఆమెకి దిగను గడే లేదు."

ఈ మాటలు చెప్పేటప్పుడు మా జేజి
బియ్యంలో రాళ్ళేరుతూ ఉండేది.
తల ఎత్తేది కాదు.

ఒకనాడు కళ్ళద్దాలాయన ఇనప పటకారు తెచ్చి
పక్క కంచె ఆమె తల కొలిచాడట,
ముక్కు కొలిచాడట, పుస్తకంలో రాసుకున్నాడట.
తర్వాత ఇటు తిరిగాడు.
సుంకులమ్మ గడ చివరికెక్కి
పొద్దు గూకేదాకా దిగలేదు.
పైనుంచి ఆమెకి ఆ రోజు
రెండు కంచెలూ ఒకటే కంచెలా కనపడ్డాయట.

రాత్రి గేటు మూశాక
కమ్మీల మీదుగా గంజి అందించేది.
అందుకుంటూ అవతలామె ఒక మాట అనేది:
సెలూమే.
బిడ్డ చలికి పోయిన మర్నాడు కూడా
గిన్నె అందుకుంది. మాట అనలేదు.
ఆ పూట సుంకులమ్మే అన్నదట.

నాలుగు తరాలుగా రాయపురంలో, మా ఇంట్లో
ఎవరి చేతికి గంజి ఇచ్చినా సెలూమే అంటాం.
మేం అది అరవం అనుకున్నాం.
అరవవాళ్ళు తెలుగు అనుకున్నారు.

తిరుగు రైల్లో నా పక్కన కాలేజీ పిల్ల.
మెడలో కార్డు మీద పేరు రుఫారో.
ఎదుటి సీటు కుర్రాడు
ఫోను చూసుకుంటున్నట్టు పట్టుకుని
ఆమె ఫోటో తీస్తున్నాడు.
సంచి ఎత్తి అడ్డంగా ఒళ్ళో నిలబెట్టుకున్నాను.
అంతకుముందు రెండు స్టేషన్లు
ఆమె సన్నజడలు లెక్కపెట్టింది మాత్రం నేనే.

నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో అడిగాను,
సెలూమే అంటే ఏంటమ్మా అని.
రెండుసార్లు పలికించుకుంది. నవ్వింది.
"మా భాష కాదాంటీ.
మీకు కాశ్మీరీ వచ్చా?"

రాదన్నాను.

కార్డు చూపించాను. చూపించకుండా ఉండాల్సింది.
నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.
గిండీ వచ్చింది, సైదాపేట వచ్చింది,
ఆమె చూస్తూనే ఉంది:
గొడుగుల్ని కాదు, గడని కాదు,
ఆ వేరుశనక్కాయని.
నూట ఎనభై రూపాయలు గుర్తొచ్చాయి నాకు.
బేరమాడి మరీ
నేనూ ఒక టికెట్టు కొన్నానని అప్పుడు తెలిసింది.

మాంబళంలో దిగుతూ
కార్డుని బోర్లా తిప్పి నా చేతిలో పెట్టింది.
ఏమీ అనలేదు.

ట్రంకుపెట్టెలో ఇంకా అలాగే ఉంది, బోర్లా.
వెనకవైపు చిరునామాకి నాలుగు గీతలు,
బిళ్ళ అంటించడానికి ఒక గడి.
అన్నీ ఖాళీ.
కొన్నవాళ్ళెవరూ
ఎవరికీ ఏమీ రాయలేదు.

రాత్రి గంజి వార్చాను.
మనవడికి గిన్నె ఇస్తుంటే మాట నోటిదాకా వచ్చింది.
వాడే అన్నాడు.